జంబీల్ నిండని ఆట



మొన్నొక జుమా రోజు మధ్యాహ్నం ఆపా వాళ్ళింట్లో భోజనం. దస్తర్‌ఖాన్ మీద పులావ్ పెడుతూ పెడుతూనే ఆపా నా నెత్తిన ఒక జిమ్మేదారీ పెట్టింది.

"ఏవేవో రాస్తుంటావు గదా, ఇది కూడా తేల్చి చెప్పు. పెద్దోడు రాత్రి పన్నెండైనా ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవడం లేదు. తెర నిండా కొమ్ములు, నెత్తురు, దయ్యాలు. తిలావత్ జరిగే ఇంట్లో అదేం ఆటరా? జాయజో నాజాయజో నువ్వే చెప్పు."

పెద్దోడు తలొంచుకుని ఎముక కొరుకుతున్నాడు. నర్సరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతాడు, పంతొమ్మిదేళ్ళవాడు. పక్కనే ఎనిమిదో తరగతి చిన్నోడు అమ్మ ఫోన్‌లో ఏదో నొక్కుకుంటూ నవ్వుతున్నాడు. వాడి గురించి ఎవరికీ ఏ షికాయతూ లేదు.

నేను ఆలిమ్‌ని కాను, ముఫ్తీని అసలే కాను. ఫత్వా ఇచ్చే హక్కు నాకు లేదు. కానీ చూడకుండా, చేత్తో పట్టుకోకుండా తీర్పు చెప్పడం ఇన్సాఫ్ కాదు గదా. "పది రోజులు టైమివ్వు ఆపా, నేనూ ఆడి చూస్తా" అన్నాను. ఆపా నోరు తెరిచింది. పెద్దోడు మాత్రం తలెత్తి, "సచ్ మామూ?" అన్నాడు.

అలా నలభై ఏడేళ్ళ వయసులో, వినుకొండ కొండ కనిపించే మేడ మీది గదిలో, మేనల్లుడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇషా అయ్యాక ఆట, పదకొండుకల్లా బంద్. ఇదీ మా మధ్య షర్తు.

ఆట పేరు డయాబ్లో 4. అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ 2023 జూన్‌లో విడుదల చేసింది. మొదటి డయాబ్లో 1996 చివర్లో వచ్చింది, రెండోది 2000లో, మూడోది 2012లో. డయాబ్లో అంటే స్పానిష్‌లో షైతాన్. పేరు వింటేనే ఆపా 'తౌబా తౌబా' అనడంలో తప్పు లేదు. యూరప్‌లో ఈ ఆటకు 18 ఏళ్ళు, అమెరికాలో 17 ఏళ్ళు నిండాలనే ముద్ర ఉంది. ఇది ముందే చెబుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు అన్న భుజం మీంచి కూడా చూడాల్సిన ఆట కాదు ఇది.

ఇక కథ. ఇనారియస్ అనే దైవదూత, లిలిత్ అనే జహన్నుమ్ స్త్రీ కలిసి ఒక లోకాన్ని సృష్టిస్తారు. లిలిత్ మళ్ళీ తిరిగొస్తుంది. ఆమె వెనక పడుతూ ఊరూరా తిరగడమే మన పని. మన అకీదా ప్రకారం ఫరిష్తాలు నాఫర్మానీ చేయరు, ఖాలిక్ ఒక్క అల్లాహ్‌యే. లిలిత్ పేరు ఖురాన్‌లో లేదు, అది యూదుల జానపద కథల్లోది. పెద్దోడికి ఈ సంగతి మొదటి రోజే చెప్పాను. వాడు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "తెలుసు మామూ. మీ నానా మీకు చెప్పిన అమర్ అయ్యార్ కథల్లో జాదూగర్లు లేరా? వాళ్ళను నమ్మే విన్నారా మీరు?"

నా దగ్గర జవాబు లేదు.

మా నానాకు తిలిస్మె హోష్‌రుబా అంటే ప్రాణం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ అచ్చువేసిన ఆ దాస్తాన్ కథలు ఆయన తన తండ్రి నోట విన్నాడు, మాకు తెలుగు కలిపి చెప్పేవాడు. జాదూగర్ల బాద్‌షా అఫ్రాసియాబ్, అమీర్ హమ్జా, హమ్జా జిగ్రీ దోస్తు అమర్ అయ్యార్. మాయలు, మంత్రాలు, దేవ్‌లు, పరీలు. నమాజీ కుటుంబాలు తరాల తరబడి ఆ కథలు విన్నాయి. ఈమాన్‌కేమీ కాలేదు. కథ కథే అని వినేవాడికి తెలుసు. కాబట్టి తెర మీద కొమ్ములున్న బొమ్మను చూసి మా మేనల్లుడు దీన్ నుంచి జారిపోతాడని నేను అనుకోను. సిహర్ చేసే పాత్ర ఆడటం నాకెందుకో మనసొప్పలేదు, అందుకని పహిల్వాన్‌ను ఎంచుకున్నాను. ఆటలో బార్బేరియన్ అంటారు. వాడేమో నెక్రోమాన్సర్, అంటే అస్థిపంజరాలను లేపి నడిపించేవాడు. నెట్ లేకపోతే ఒంటరిగా కూడా ఆడలేం కాబట్టి కరెంటు పోయిన రెండు రాత్రులూ మేడ మీద చల్లగాలికి కూర్చుని కబుర్లే.

మొదటి గంటలో నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. మంచులో దారి తప్పిన మన మనిషి ఒక పల్లెకు చేరతాడు. వాళ్ళకు సాయం చేస్తాడు. ఊరివాళ్ళు సంతోషంతో విందు చేసి తాగడానికి ఇస్తారు. ఆ మత్తులో పడేసి బలివ్వబోతారు. లిలిత్ వాళ్ళ మనసుల్ని అలా మార్చేసింది. ఆమె ఎవరినీ బలవంతం చేయదు. మనిషిలో ఉన్న ఖాహిష్‌ను బయటికి లాగుతుంది, అంతే. వస్‌వసా ఎలా పనిచేస్తుందో మౌలానా సాబ్ ఎన్నోసార్లు బయాన్‌లో చెప్పారు. బొమ్మలో చూస్తే ఇంకోలా తగిలింది. గ్రాఫిక్స్ సంగతి చెప్పనక్కర్లేదు, మంచులో నడిస్తే మన కాళ్ళు చల్లబడినట్టే ఉంటుంది.

కానీ రెండో రోజుకే నేను కథ మర్చిపోయాను. నా కళ్ళన్నీ నేల మీదే.

ఇలాంటి ఆటల జాన్ అంతా 'లూట్'లో ఉంటుంది. ఆ మాట ఇంగ్లీషువాళ్ళది కాదు సుమా. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మన హిందుస్తానీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. మనం తెలుగులో లూటీ అంటాం. ఒక్కో రాక్షసుణ్ణి కొడితే నేల మీద ఏదో ఒకటి రాలుతుంది. కత్తి, కవచం, ఉంగరం. తెల్ల రంగులో ఉంటే మామూలుది. నీలమైతే కాస్త నయం. పసుపైతే అరుదు. నారింజ రంగైతే గొప్పది, దాన్ని లెజెండరీ అంటారు. ఏది ఎప్పుడు రాలుతుందో ఎవరికీ తెలియదు. పదిసార్లు తెల్లవి, నీలంవి వస్తాయి. పదకొండోసారి చీకట్లో నారింజ వెలుగు లేస్తుంది, ఒక చప్పుడు వస్తుంది, గుండె ఒక్కసారి గుభిల్లుమంటుంది. పరుగెత్తి తీసి చూస్తే మన దగ్గరున్న దానికంటే తక్కువది. అయినా నిరాశ ఉండదు. 'తర్వాతిదైనా' అనిపిస్తుంది. ఆ 'తర్వాతిదైనా' అనే రెండు సెకన్లలోనే ఈ ఆట మొత్తం ఉంది.

మా నానా కథలోని అమర్ అయ్యార్ దగ్గర జంబీల్ అనే సంచి ఉండేది. అందులో ఎంత వేసినా నిండదు, ఊళ్ళకు ఊళ్ళే పట్టేవి. అమర్ పరమ లాల్‌చీ. యుద్ధం అయిపోగానే చచ్చినవాళ్ళ తలపాగాలు కూడా వదిలేవాడు కాదు. నానా ఆ భాగం చెబుతుంటే మేం పొర్లి పొర్లి నవ్వేవాళ్ళం. దాస్తాన్‌లో లూట్ చేసేది అమర్, మనం నవ్వుతాం. ఈ ఆటలో మనమే అమర్. నవ్వడానికి పక్కన ఎవరూ ఉండరు. ఆటలోని సంచి జంబీల్ కూడా కాదు, గళ్ళు లెక్కపెట్టి ఉంటాయి. పది నిమిషాలకోసారి నిండుతుంది. ఊళ్ళోకి వెళ్ళి కమ్మరి దగ్గర ఆ ఇనుమంతా కరిగించి, ఖాళీ సంచితో మళ్ళీ బయల్దేరడం. ఒక రాత్రి లెక్క చూసుకుంటే గంటన్నరలో నలభై నిమిషాలు ఏ కవచం ఉంచాలి, ఏది కరిగించాలి అని అంకెలు పోల్చడానికే పోయింది. మిర్చి యార్డులో గుమస్తాకు కూడా ఇంత లెక్క ఉండదు.

ఆరో రోజు జరిగింది చెప్పాలి. దాచుకుంటే ఈ రాతకు అర్థం లేదు.

పెద్దోడికి పరీక్ష ఉందని పది గంటలకే పడుకున్నాడు. "మామూ, మీరు ఆడుకోండి" అన్నాడు. నేను 'ఒక్క గుహ' అనుకున్నాను. తర్వాత ఇంకో గుహ. నా పహిల్వాన్‌కు మంచి గొడ్డలి లేదు, దాని కోసం. టైము చూసేసరికి రెండూ పది. ఫజర్ అజాన్ వినపడలేదు. కళ్ళు తెరిస్తే కొండ మీద ఎండ పడి ఉంది. ఏళ్ళ తర్వాత నిద్రమత్తులో ఫజర్ ఖజా అయింది. ఆట నా చేతులు కట్టేసి కూర్చోబెట్టలేదు. తప్పు నాది, నా నఫ్స్‌ది. కానీ పిల్లవాణ్ణి పరీక్షించడానికి వచ్చిన నలభై ఏడేళ్ళవాడు ఫెయిలై, పరీక్ష ఉందని పంతొమ్మిదేళ్ళవాడు టైముకు పడుకున్నాడు. వజూ చేస్తుంటే సిగ్గేసింది.

ఆ ఉదయమంతా నాకు ఉహుద్ గుర్తొస్తూనే ఉంది. హిజ్రీ 3వ సంవత్సరం. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) యాభై మంది విలుకాళ్ళను ఒక చిన్న గుట్ట మీద నిలబెట్టారు. గెలిచినా ఓడినా కదలొద్దని హుకుం. మొదట గెలుపే. కింద శత్రువులు పారిపోతున్నారు, మాల్-ఎ-గనీమత్ చెల్లాచెదురుగా పడి ఉంది. గుట్ట మీది వాళ్ళలో చాలామంది దిగిపోయారు. సర్దార్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) కొద్దిమందితో అక్కడే నిలిచి షహీదయ్యారు. ఖాళీ అయిన ఆ గుట్ట వైపు నుంచే శత్రువుల గుర్రాలు తిరిగొచ్చాయి. గెలిచిన యుద్ధం తారుమారైంది. ఆ మహనీయులతో మనకు పోలికే లేదు, వారిని మన్నించానని అల్లాహ్ ఖురాన్‌లోనే చెప్పాడు. సబఖ్ మాత్రం మన కోసమే. గనీమత్ హరామ్ కాదు. సూరా అన్‌ఫాల్‌లో దాని పంపకానికి ఖానూన్ ఉంది, ఐదో వంతు వాటాలో యతీములకు, మిస్కీన్లకు, ముసాఫిర్లకు హక్కు ఉంది. అక్కడ ఖతా వస్తువుది కాదు. నిలబడమన్న చోటు వదలడం ఖతా. నాకు నిలబడమన్న చోటు ఫజర్ సఫ్. నేను గొడ్డలి కోసం దిగిపోయాను.

ఇంతవరకు పోయింది టైము. టైము పోతే తౌబా ఉంది, ఖజా నమాజ్ ఉంది. ఎనిమిదో రోజు వేరే సంగతి బయటపడింది.

చిన్నోడి ట్యూషన్ ఫీజుకు ఆపా ఖాతాలో ఉంచిన డబ్బులో 1,900 రూపాయలు తక్కువ వచ్చాయి. ఎవరో మోసం చేశారని అందరం కంగారుపడ్డాం. తీరా చూస్తే చిన్నోడే. అమ్మ పిన్ నొక్కుతుంటే పక్కనుంచి చూసి నేర్చుకున్నాడు. ఫోన్‌లో ఆడే ఏదో ఆటలో పెట్టెలు కొన్నాడు. 49 రూపాయలకో పెట్టె, 99కో పెట్టె. తెరిస్తే ఏదో బొమ్మ వస్తుంది. వాడికి కావలసింది బంగారు రెక్కల గుర్రం. నెల రోజులుగా తెరుస్తూనే ఉన్నాడు, ఆ గుర్రం రాలేదు. బావ కువైట్ నుంచి ఫోన్‌లోనే అరిచాడు. వాడు ఏడుస్తూ నాతో అన్న మాట నేను మర్చిపోలేను:

"ఇందులో షైతాన్ లేడు గదా మామూ. అన్నీ మంచి బొమ్మలే."

ఆపా, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజమే, మేం కొమ్ములు వెతికాం. కొమ్ములున్న ఆట మీద పది రోజులు పంచాయితీ పెట్టాం. నవ్వు మొహం పెట్టుకుని జేబులో చెయ్యి పెట్టిన ఆటను దస్తర్‌ఖాన్ దగ్గర కూడా ఆడనిచ్చాం.

డబ్బు పెట్టి, ఏం వస్తుందో తెలియకుండా, నసీబ్ మీద వదిలేసే బేరాన్ని మనవాళ్ళు ఖిమార్ అంటారు, ఖురాన్‌లోని మాట మైసిర్. జాహిలియత్ కాలంలో అరబ్బులు బాణాలతో చీటీలు వేసి ఒంటె మాంసం వాటాలు తేల్చుకునేవారు. దాని వల్ల కొంత ఫాయిదా ఉన్నా గునాహ్ దానికంటే పెద్దదని సూరా బఖరా చెబుతుంది. సూరా మాయిదా దాన్ని షైతాన్ పనుల్లో ఒకటిగా లెక్కగట్టి, దూరంగా ఉండమంటుంది. డయాబ్లో కుటుంబంలోనే చూడండి. డయాబ్లో 4లో డబ్బుతో అమ్మేవి ఎక్కువగా బట్టలు, గుర్రపు జీనుల అలంకారాలు. ఏది కొంటున్నామో ముందే కనిపిస్తుంది. అది ఫిజూల్ ఖర్చు అనొచ్చు, జూదం అనలేం. 2022 జూన్‌లో ఫోన్ల కోసం వచ్చిన డయాబ్లో ఇమ్మోర్టల్ వేరు. అందులో గుహలోకి వెళ్ళేముందు క్రెస్ట్ అనే ముద్ర పెడితే గొప్ప రత్నం రాలే అవకాశం పెరుగుతుంది. ఆ ముద్రలను డబ్బుతో కొనుక్కోవచ్చు. రత్నం వస్తుందో రాదో నసీబ్. డబ్బుపెట్టి తెరిచే లూట్ బాక్సులు జూదమేనని బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లోనే తేల్చింది. అక్కడా, నెదర్లాండ్స్‌లోనూ ఉన్న చట్టాల వల్ల ఇమ్మోర్టల్‌ను ఆ రెండు దేశాల్లో విడుదలే చేయలేదు. మన దగ్గర 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు ఆటల మీద చట్టం చేసింది. మంచిదే. కానీ ఆ చట్టాల చూపు ప్రధానంగా డబ్బు పెట్టి డబ్బు గెలవాలనుకునే ఆటల మీద. మా చిన్నోడు గెలవాలనుకున్నది డబ్బు కాదు, రెక్కల గుర్రం. వాడి కోసం పోలీసు రాడు. అమ్మీ, అబ్బా, మామూ రావాలి.

ఇది పల్నాడు. పందెం సంగతి మనకు ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు. బ్రహ్మనాయుడు, నాగమ్మ వర్గాల మధ్య జరిగిన కోడిపందెం కథ ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. ఓడిన మాచెర్లవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళాల్సొచ్చింది. చివరికి కారెంపూడిలో ఎంత నెత్తురు పారిందో వీరుల గుడి దగ్గరికి వెళ్తే ఇప్పటికీ చెబుతారు. అంత దూరం ఎందుకు, మా ఖాన్‌దాన్‌లోనే ఒక చిచ్చా పేకాటలో ఎకరం మిర్చి పొలం పోగొట్టుకున్నాడు. చిచ్చాకు డబ్బు మీద ఆశ కంటే 'తర్వాతి ముక్క' మీద ఆశ ఎక్కువ ఉండేదని చిచ్చీ అనేది. ఆరో రోజు రాత్రి రెండింటికి నేను ఎవరి రక్తమో నాకు తెలిసొచ్చింది.

ఒక అనుమానం రావచ్చు. డబ్బు లేకుండా ఆడినా మనసుకు అలవాటయ్యేది అదే 'తర్వాతిదైనా' కదా, అసలు మొత్తం మానేస్తే పోదా అని. మానేయగలిగినవాళ్ళు మానేయండి, మీకు సలాం. కానీ ఇంజనీరింగ్ పిల్లవాడికి 'హరామ్' అని ఒక్క మాట విసిరి తలుపేస్తే వాడు హాస్టల్ గదిలో ఆడతాడు. అక్కడ మామూ ఉండడు. పైగా ప్రతిదానికీ హరామ్ అంటే, నిజంగా ఖిమార్ ఎదురైన రోజున ఆ మాటకు బరువుండదు. వాడితో కూర్చున్న పది రోజుల్లో వాడి కాలేజీ గురించి, వాడి భయాల గురించి, బావ లేని ఇంట్లో పెద్దకొడుకుగా ఉండటం గురించి నేను విన్నవి, అంతకుముందు ఐదేళ్ళలో వినలేదు. కరెంటు పోయిన ఆ రెండు రాత్రులే ఎక్కువ.

ఇంకోటి వాడే చెప్పాడు. ఈ ఆటలో మూడు నెలలకోసారి 'సీజన్' మారుతుందట. కొత్త సీజన్ ఆడాలంటే కొత్త మనిషితో, ఖాళీ సంచితో, మొదటి మెట్టు నుంచి మొదలు. పాత మనిషి, పాత కత్తులు ఎక్కడికీ పోవు, ఒక మూలన ఉంటాయి. వాటిని చూసేవాడుండడు. "అంటే ఇదంతా ఫానీ అని వాళ్ళే చెబుతున్నారు గదరా" అన్నాను. "అవును మామూ, అయినా ఆడతాం" అని నవ్వాడు. సూరా తకాసుర్ ఇంట్లో అందరికీ నోటికొచ్చు. ఆ రాత్రి వాడూ నేనూ దాని తర్జుమా తీసి చదివాం. ఆట కట్టేసి చదివాం.

పదో రోజు ఆపాకు నా రిపోర్టు ఇచ్చాను. పెద్దోడు శని, ఆదివారాల్లో అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఆడుకోవచ్చు. మగ్రిబ్ అజాన్ వినపడగానే ల్యాప్‌టాప్ మూయాలి, ఎందుకంటే ఆట దానంతటది ఎప్పుడూ అయిపోదు, అజానే దాన్ని ఆపాలి. ఆ టైములో చిన్నోడు ఆ గదిలో ఉండకూడదు. ఏ ఆటలోనైనా ముందు కనిపించని వస్తువుకు ఒక్క రూపాయి కూడా పెట్టకూడదు, ఈ షర్తు ఇంట్లో పెద్దలకూ వర్తిస్తుంది. ఆపా పిన్ మార్చుకుంది. పిన్ నొక్కేటప్పుడు చేత్తో కప్పుకోవడం చిన్నోడే నేర్పాడు! ఆ 1,900 రూపాయలకు వాడు సెలవుల్లో నా కొట్లో కూర్చుని బిల్లులు రాస్తున్నాడు. రోజుకు వంద రూపాయలు కట్ అవుతున్నాయి. "మామూ, ఒక్క గుర్రం కోసం పంతొమ్మిది రోజులా" అన్నాడు నిన్న. ఆ లెక్క వాడంతట వాడే వేసుకున్నందుకు నాకు ఖుషీగా ఉంది.

మీ ఇంట్లో ఏ ఆట ఆడుతున్నారో ఈ రాత్రి ఒకసారి పిల్లల పక్కన కూర్చుని చూడండి. తెర మీద ఏం బొమ్మ ఉందో తర్వాత చూద్దురు. డబ్బు ఎక్కడ అడుగుతోంది, ఏమిస్తానని అడుగుతోంది, అది ముందు చూడండి. అల్లాహ్ మన పిల్లల టైములో, రిజ్క్‌లో బర్కత్ ఇవ్వాలి, ఆమీన్.

నా పహిల్వాన్ సంగతి అడిగేవాళ్ళు ఉంటారు. అతనికి ఇంకా మంచి గొడ్డలి దొరకలేదు. ఆదివారం అసర్ తర్వాత చూద్దాం, ఇన్‌షా అల్లాహ్.